ఆర్కిడ్‌కి వైరస్ ఉందని తేలింది: ఉంచుకోవాలా, పారేయాలా?

ఏటా వానలు పడి కుండీలు మార్చే రోజులు రాగానే నా ఫోన్ నిండా ఆకుల ఫోటోలే. బరంపురం నుంచి ఒకరు, రాయగడ నుంచి ఒకరు, గుణుపూర్‌లో ఉండే మా పిన్ని కూతురైతే వారానికి రెండు. అందరూ అడిగేది ఒకటే: "ఆకు మీద చారలొచ్చాయి, వైరస్సేనా? అయితే మొక్క పారేయాల్సిందేనా?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అంతా ఒక చోట రాస్తున్నా. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, పెరట్లో షేడ్ నెట్ కింద ఎనభై దాకా కుండీలున్నాయి. ఒకప్పుడు ఇంకా చాలా ఉండేవి, ఎందుకు తగ్గాయో మధ్యలో చెబుతాను.

ముందుగా చేదు మాట. వైరస్ పట్టిన ఆర్కిడ్‌కి ఇంట్లో చేసే వైద్యం లేదు. వేపనూనె, పసుపు, పుల్లమజ్జిగ, దుకాణంలో ఇచ్చే తెగుళ్ళ మందు, ఏది కొట్టినా పోదు. మచ్చలున్న ఆకులు కోసేసినా పోదు, ఎందుకంటే మచ్చ ఒక ఆకు మీదే కనిపించినా వైరస్ మొక్కంతా పాకి ఉంటుంది. ల్యాబుల్లో చిగురు కొస నుంచి కంటికి ఆనీ ఆనని ముక్క తీసి, టిష్యూ కల్చర్‌లో వైరస్ లేని పిల్లల్ని పెంచే పద్ధతి ఉంది గానీ అది మన పెరటి పని కాదు.

మనకి తరచుగా తగిలేవి రెండు: సింబిడియం మొజాయిక్, ఒడొంటోగ్లాసమ్ రింగ్‌స్పాట్. పేర్లు చూసి ఆ జాతులకే వస్తాయనుకోకండి, కాట్లియా, ఫెలనాప్సిస్, డెండ్రోబియం, వాండా అన్నిటికీ వస్తాయి. ఈ రెండూ పురుగులతో కాదు, మొక్క రసంతో పాకుతాయి. అంటే కత్తెర, బ్లేడు, గోళ్ళు, పాత కుండీ, పాత కొబ్బరి పీచు. రెండోది పొగాకు మొజాయిక్ వైరస్‌కి దగ్గర చుట్టం, కత్తెర మీద ఎండిపోయిన రసంలో కూడా చాలాకాలం చావకుండా కూర్చుంటుంది. సిద్ధాంతం ఇంత చాలు.

కావలసినవి

- కొత్త షేవింగ్ బ్లేడ్ల ప్యాకెట్లు. ఒక్క బ్లేడు టీ కన్నా చవక, పీనాసితనం చేయకండి.
- పలచటి గ్లోవ్స్, లేకపోతే సబ్బూ నీళ్ళూ.
- పాత పేపర్లు, ఒక్కో మొక్కకి ఒకటి పరచడానికి.
- ఇంట్లో వాడే ద్రవ బ్లీచ్, ప్లాస్టిక్ బకెట్.
- ఎర్ర రిబ్బన్ లేదా ఎర్ర ప్లాస్టిక్ లేబుళ్ళు, చెరగని పెన్ను.
- టార్చి లైటు, తడి దూది.
- దొరికితే వైరస్ టెస్ట్ స్ట్రిప్పులు. ఆగ్డియా అనే అమెరికా కంపెనీ పైన చెప్పిన రెండు వైరస్‌లనీ ఒకే స్ట్రిప్‌లో చూపించేవి అమ్ముతుంది. ఖరీదు ఎక్కువే, కాబట్టి నలుగురు కలిసి తెప్పించుకోండి.

1. కత్తెర కింద పెట్టండి

అనుమానం రాగానే చాలామంది చేసే మొదటి పని ఆ ఆకు కోసేయడం, రెండో పని అదే కత్తెరతో పక్క మొక్క ఎండు ఆకు కూడా కోసేయడం. నేనూ అదే చేశాను, అదీ పెద్ద ఎత్తున. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాని చితక్కొట్టినప్పుడు షేడ్ నెట్ ఎగిరిపోయి కుండీలన్నీ కిందపడ్డాయి. నీళ్ళు తీసిన మర్నాడు ఒకే కత్తెర పట్టుకుని పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా విరిగిన ఆకులన్నీ వరసగా కత్తిరించుకుంటూ పోయాను, అరవై మొక్కలకి తక్కువ ఉండవు. తర్వాతి రెండు పూతల్లో కాట్లియాల పువ్వులు ఒకదాని తర్వాత ఒకటి చారలు పడటం మొదలైంది. తుఫాను విరిచిన మొక్కలు మళ్ళీ చిగిర్చాయి, నేను కత్తెరతో పంచింది మాత్రం పోలేదు.

కాబట్టి ముందు ఆ మొక్కని తీసి విడిగా పెట్టండి. ఊరవతల పెట్టక్కర్లేదు, ఆకులు పక్క మొక్కకి తగలకుండా, దీని మీంచి కారే నీళ్ళు ఇంకో కుండీలో పడకుండా ఉంటే చాలు. వేలాడదీసిన వాండా అయితే అందరి నెత్తి మీద ఉంటుంది, దాన్ని కిందకి దించండి. దాని పక్కన ఏయే మొక్కలు ఉండేవో అప్పుడే పేపరు మీద రాసుకోండి, వారం తర్వాత ఎవరికీ గుర్తుండదు.

2. అసలు అది వైరస్ కాకపోవచ్చు, ముందు అది చూడండి

నాకు వచ్చే ఫోటోల్లో సగానికి పైగా ఎండ దెబ్బలే. మన దగ్గర చైత్రం, వైశాఖం ఎండ ఎలా ఉంటుందో తెలుసు కదా.

ఎండ దెబ్బయితే మచ్చ సూర్యుడికి ఎదురుగా ఉన్న వైపే, ఎక్కువగా పడమటి వైపు, తెల్లగా కాలినట్టు వచ్చి ఎండి అక్కడే ఆగిపోతుంది. మచ్చ చుట్టూ పెన్నుతో గీత గీసి పది రోజులు చూడండి, గీత దాటకపోతే టెన్షన్ వద్దు.

బ్యాక్టీరియా కుళ్ళయితే మచ్చ తడిగా, ఉడికిన ఆకులా ఉండి రోజుల్లోనే పాకుతుంది, నొక్కితే నీరు కారుతుంది, ఒక్కోసారి కంపు కొడుతుంది. వైరస్ అంత తొందరపడదు.

నల్లి (మంచాల్లో ఉండేది కాదు, మొక్కల రసం పీల్చే మైట్) పడితే ఆకు అడుగున వెండి పూత పూసినట్టు సన్నటి గుంటలుంటాయి. తడి దూదితో అడుగు భాగం తుడవండి, దూది ఎర్రగానో గోధుమ రంగులోనో అయితే నల్లే. ఇక్కడొక మెలిక ఉంది: ఆర్కిడ్ ఫ్లెక్ అనే ఇంకో వైరస్‌ని మోసుకొచ్చేది ఒక రకం నల్లే, ఆకు నిండా పసుపు చుక్కలు పోసినట్టు వస్తాయి. నల్లి కనిపిస్తే దాన్ని అరికట్టడం ఎలాగూ తప్పదు.

కోరాపుట్, దారింగ్‌బాడి వైపు వాళ్ళకి ఇంకోటి. చలికాలం రాత్రి చలికి, చల్లటి నీళ్ళకి ఫెలనాప్సిస్ ఆకుల మీద గుంటలు పడి తర్వాత నల్లబడతాయి. అచ్చం వైరస్‌లాగే ఉంటుంది. కొత్త ఆకు వేసవిలో శుభ్రంగా వస్తే అది చలి పనే అనుకోవచ్చు.

మరి వైరస్ ఎలా ఉంటుంది? లేత ఆకుని వెనక నుంచి టార్చి వేసి చూడండి. ముదురు పచ్చ, లేత పచ్చ చారలు ఒక పద్ధతి లేకుండా కలగాపులగంగా కనిపిస్తాయి. కొన్నిటికి ఆకు అడుగున లోపలికి కుంగిన గోధుమ లేక నల్ల గీతలు, ఉంగరాలు. కాట్లియాలో ఇంకా బాగా తెలిసే గుర్తు పువ్వు: విచ్చుకున్నప్పుడు కడిగిన ముత్యంలా ఉంటుంది, వారం తిరిగేసరికి రేకుల మీద టీ డికాషన్ కారినట్టు గోధుమ చారలు. మొదటిసారి చూసినప్పుడు నేను వాన నీళ్ళ మచ్చలనుకున్నాను. రంగు విరిగిన పువ్వు కూడా చూడాలి, రేకు మీద రంగు ముద్దలు ముద్దలుగా, రెండు రేకులకీ పొంతన లేకుండా ఉంటే అనుమానించండి. రెండు రేకుల కొసల మీదా ఒకే తీరుగా రంగు చిమ్మినట్టు ఉండే రకాలు కొన్ని పుట్టుకతోనే అంతే, వాటిని చూసి భయపడొద్దు.

అసలు చిక్కు ఏమిటంటే, వైరస్ ఉండి కూడా నవనవలాడుతూ, ఏటా పూస్తూ, ఒక్క మచ్చా చూపించని మొక్కలు బోలెడు. అందుకే కంటితో చూసి "లేదు" అని చెప్పడం ఎవరి వల్లా కాదు. మా అత్తగారు అడిగినట్టే మీ ఇంట్లోనూ అడుగుతారు, "పచ్చగా నిగనిగలాడుతున్న చెట్టుని ఎవరైనా పారేస్తారటే?" అని. ఆ నిగనిగలాడేదే ఎక్కువ ఇబ్బంది, ఎందుకంటే దాన్నే ముక్కలు చేసి అందరికీ పంచుతాం.

3. టెస్ట్ చేయండి

కోవిడ్ టైంలో ఇంట్లో చేసుకున్న కిట్ లాంటిదే. కొత్త బ్లేడుతో రూపాయి బిళ్ళంత ఆకు ముక్క కోసి, కిట్‌తో వచ్చిన ద్రవం ఉన్న సంచిలో వేసి, నీళ్ళు పచ్చబడే దాకా పెన్ను వెనక భాగంతో నలిపి, స్ట్రిప్ కొసని అందులో ముంచాలి. ఎంతసేపు ఆగాలో ప్యాకెట్ మీద ఉంటుంది, గట్టిగా అరగంట.

తప్పులు జరిగేది ఇక్కడే.

ఎండిన నల్ల మచ్చని కోసి నలిపితే ఏమీ రాదు. మచ్చ అంచున ఉన్న పచ్చటి భాగం తీసుకోండి.

కంట్రోల్ గీత, అంటే స్ట్రిప్ పనిచేసిందని చూపించే గీత, రాకపోతే ఆ స్ట్రిప్ చెల్లదు. "గీత లేదు, వైరస్ లేదు" అని సంబరపడిపోయి ఫోటో పంపినవాళ్ళు ఉన్నారు.

టెస్ట్ గీత లేతగా వచ్చినా ఉన్నట్టే లెక్క. "కొంచెమే ఉంది" అనేది ఉండదు.

గీత రాలేదంటే మాత్రం పూర్తి భరోసా కాదు. కొత్తగా అంటుకున్న మొక్కలో వైరస్ అన్ని ఆకులకీ సమానంగా పాకి ఉండదు. రెండు మూడు నెలలాగి వేరే ఆకుతో మళ్ళీ చేయండి. పైగా ఈ స్ట్రిప్ ఆ రెండు వైరస్‌లనే చూస్తుంది, ఆర్కిడ్ ఫ్లెక్ లాంటివి దీనికి దొరకవు.

ఇంకో పిసినారి తెలివి, నేనూ చేశాను: నాలుగు మొక్కల ఆకులు కలిపి ఒకే స్ట్రిప్‌తో చూడటం. గీత రాకపోతే ప్రస్తుతానికి నాలుగూ బాగున్నట్టు, వస్తే నాలుగూ విడివిడిగా చేసుకోవాలి. డబ్బు మిగులుతుంది గానీ లేత గీతలు జారిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి ఖరీదైన మొక్కకి ఇలా చేయకండి.

స్ట్రిప్పులు దొరకనివాళ్ళు భువనేశ్వర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మొక్కల తెగుళ్ళ విభాగాన్ని అడిగి చూడండి, ముందు ఫోన్ చేసి, తీసుకుంటామంటేనే పంపండి. అదీ కుదరకపోతే అనుమానం ఉన్న మొక్కని ఉన్నట్టే లెక్కేసుకుని 4వ మెట్టుకి వెళ్ళండి.

4. ఇప్పుడు తేల్చుకోండి

అన్నీ తగలబెట్టమనేవాళ్ళు ఉన్నారు, సగం ఆర్కిడ్లకి ఎలాగూ ఉంటుంది వదిలేయమనేవాళ్ళూ ఉన్నారు. నేను ఇద్దరి మాటా వినను. మొక్కని చూసే ముందు మిమ్మల్ని మీరు కొన్ని అడగండి, అబద్ధం చెప్పకుండా జవాబివ్వండి.

ఒక మొక్కకి వాడిన బ్లేడు ఇంకో మొక్కకి వాడకుండా ఏడాది పొడుగునా ఉండగలరా? మీరు ఊరెళ్ళినప్పుడు నీళ్ళు పోసే మనిషి ఎండు ఆకులు గిల్లకుండా ఉంటాడా? (మా ఇంట్లో ఉండడు. మావయ్యగారికి ఎండాకు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు.) మీరు మొక్కలు అమ్ముతారా, చుట్టాలకి పిలకలు ఇస్తారా? మొదటి రెండిటికి "లేదు" అనో, మూడోదానికి "అవును" అనో వస్తే పారేయండి, అంతే. మొక్క ఎంత అందమైనదైనా.

జవాబులు బాగుంటే అప్పుడు మొక్క సంగతి.

బజారులో మళ్ళీ దొరికే హైబ్రిడ్ అయితే ఆలోచన అనవసరం. ఫెలనాప్సిస్, మామూలు డెండ్రోబియం, ఒన్సిడియం లాంటివి టిష్యూ కల్చర్‌లో వేలకొద్దీ తయారవుతాయి, అదే పువ్వు మళ్ళీ దొరుకుతుంటే మిగతా ఎనభై కుండీలని పణంగా పెట్టడం దేనికి? అయితే టిష్యూ కల్చర్ మొక్క అనగానే శుభ్రమనుకోకండి, తల్లికి ఉండి ల్యాబ్ వాళ్ళు చూసుకోకపోతే పిల్లలన్నిటికీ ఉంటుంది. ఒకసారి కొరియర్‌లో వచ్చిన ఆరు కాట్లియాల్లో నాలుగింటికి గీత వచ్చింది, అమ్మినతన్ని అడిగితే "ఎండెక్కువైందేమో మేడం" అన్నాడు.

నీరసంగా ఉండి, చిన్నబోయి, రెండేళ్ళుగా పూయని మొక్క ఏ రకమైనా పోవాల్సిందే.

మళ్ళీ దొరకనిది, లేదా మనసు ఒప్పుకోనిది ఉందనుకోండి, ఉంచుకోండి, కానీ 6వ మెట్టులో ఉన్న షరతులతో. నా దగ్గర అలాంటిది ఒకటే ఉంది. మా పెరటి మామిడి చెట్టు తిత్లీకి కూలినప్పుడు కొమ్మతో సహా కింద పడిన రింకోస్టైలిస్, నక్క తోకలా వేలాడే గులాబీ చుక్కల గుత్తి పూసేది. మా అత్తగారు ఈ ఇంటికి కాపురానికి వచ్చేనాటికే అది ఆ చెట్టు మీద ఉందట. ఆ రోజు నా కత్తెర దాని మీదా పడింది, సింబిడియం మొజాయిక్ అంటించాను. దాన్ని పారేస్తే ఆవిడ నాతో మాట్లాడరు, నిజానికి నాకూ చేతులు రావు. వైరస్ తేలిన మిగతా పంతొమ్మిది మొక్కలు మాత్రం ఒకే రోజు తీసేశాను.

అరుదైన జాతి అయితే మధ్యే మార్గం ఒకటుంది. ఈ రెండు వైరస్‌లూ మామూలుగా గింజల ద్వారా పిల్లలకి పోవు. కాబట్టి మొక్కని విడిగా పెట్టి, పరాగం పట్టించి (వాడిన పుల్ల అక్కడే పడేయాలి), కాయ పూర్తిగా ముదిరి పగిలాక ఎండు గింజలు ల్యాబ్‌కి ఇచ్చి, పిల్లలు వచ్చాక తల్లిని తీసేయొచ్చు. పచ్చి కాయ కోసి ఇవ్వకండి, కాయ తొక్క రసంలో వైరస్ ఉంటుంది.

5. పారేసేటప్పుడు

కుండీ, పీచు, బొగ్గు ముక్కలతో సహా సంచిలో పెట్టి మూతి కట్టి చెత్తలో వేయండి, లేదా ఎండబెట్టి కాల్చేయండి. ఎరువు గుంటలో వేయొద్దు. ఊరికే ఇస్తున్నాం కదా అని పనమ్మాయికో పక్కింటివాళ్ళకో ఇవ్వడం అన్నిటికన్నా పెద్ద తప్పు, అది తిరిగి పిలక రూపంలో మీ ఇంటికే వస్తుంది.

మన ప్రాంతంలో ఇంకొకటి గట్టిగా చెప్పాలి. "పారేయడానికి మనసొప్పక తోటలో మామిడి చెట్టుకి కట్టేశాను" అని చెప్పినవాళ్ళు ముగ్గురున్నారు. మహేంద్రగిరి చుట్టుపక్కల, కోరాపుట్ కొండల్లో చెట్ల మీద వాండాలు, ఏరిడిస్‌లు లాంటి అడవి ఆర్కిడ్లు వాటంతటవే పెరుగుతాయి, ఒడియావాళ్ళు రాస్నా అనే బదనిక (ఇదీ ఒక రకం వాండాయే) మన ఊళ్ళ ఇప్ప చెట్ల మీదా ఉంటుంది. మనం షాపులో కొన్న జబ్బు వాటి మధ్యకి తీసుకెళ్ళి కట్టొద్దు. అలాగే పారేసినదాని బదులు అడవి నుంచి తెచ్చి పెట్టుకోవద్దు.

మట్టి కుండీ ఉంచుకోవాలంటే వేళ్ళు గీకేసి, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి రాత్రంతా నానబెట్టి కడగండి. బ్లీచ్‌లో బాత్రూం కడిగే యాసిడ్ ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. నన్నడిగితే కుండీ పగలగొట్టేయడమే సుఖం.

6. ఉంచుకునేటప్పుడు

ఎర్ర రిబ్బన్ కట్టి, ఏ వైరస్సో, ఏ తారీఖున తేలిందో లేబుల్ మీద రాయండి. మీకు గుర్తుంటుంది, మీ ఇంట్లోవాళ్ళకి ఉండదు.

దాని చోటు వేరే, దాని బ్లేడు, తీగ, కర్ర వేరే. మా రింకోస్టైలిస్ నూతి గట్టు అవతల వెలగ చెట్టు నీడలో వేలాడుతుంది. నీళ్ళు, ఎరువు అన్నిటికన్నా చివర దానికి, ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కునే వేరే పని. కుండీ ముంచి నీళ్ళు పెట్టే అలవాటుంటే ఆ బకెట్ నీళ్ళు ఇంకో మొక్కకి వాడొద్దు.

కత్తెర శుభ్రం చేసే విషయంలో ఎక్కువమంది పొరబడతారు. శానిటైజర్‌తో, స్పిరిట్‌తో తుడిస్తే చాలనుకుంటారు. బ్యాక్టీరియాకి సరే గానీ ఈ వైరస్‌లకి అది నమ్మకం లేదు. గ్యాస్ మంట మీద లోహం ఎర్రబడే దాకా కాల్చాలి, ఒక్క క్షణం మంటలో ఆడిస్తే సరిపోదు. కత్తెర పదును పోతుందని బాధయితే మొక్కకో బ్లేడు వాడండి, నేను అదే చేస్తాను. ఇనుప కొక్కేలు, తీగలు లాంటివి పాత కుక్కర్‌లో అరగంట ఉంచితే సరి, ఆ కుక్కర్‌లో మళ్ళీ పప్పు వండకండి. కొవ్వు తీసిన పాలపొడి లీటరు నీళ్ళకి 200 గ్రాములు కలిపి అందులో పనిముట్లు ముంచే పద్ధతి కూడా ఉంది, పొగాకు మొజాయిక్ మీద అది పనిచేసింది, చేతులకీ హాయి. మొక్క మీద చల్లితే వైరస్ పోతుందని కాదు సుమా, చీమలొస్తాయి.

పక్కనే బీర, దోస పాదులు ఉంటే పేనుబంక మీద కన్నేయండి. దోస మొజాయిక్ వైరస్‌ని ఆర్కిడ్లకి తెచ్చేది అదే.

పిలకలు ఎవరికీ ఇవ్వొద్దు. "వైరస్ ఉన్నా పర్లేదు అక్కా, ఒక్క ముక్క ఇయ్యి" అని మా పిన్ని కూతురు మూడేళ్ళుగా అడుగుతోంది. ఇవ్వలేదు.

7. పని జరిగిందో లేదో చూసుకోవడం

1వ మెట్టులో పక్క మొక్కల పేర్లు రాసుకున్నారు కదా, ముందు వాటిని టెస్ట్ చేయండి. తర్వాత గత రెండేళ్ళలో అదే రోజున కుండీ మార్చినవి, అదే మొక్క నుంచి తీసిన పిలకలు, మీరు ఇతరులకి ఇచ్చినవి. ఆ చివరివాళ్ళకి ఫోన్ చేసి చెప్పాలి, సిగ్గుపడొద్దు, నేను పదకొండు మందికి చేశాను, ఇద్దరు తిట్టారు.

ఇవన్నీ బాగుంటే మూడు నెలలకి ఒకసారి, మళ్ళీ ఆర్నెల్లకి ఒకసారి చేయండి. ఆ మధ్యలో కొత్త గీతలు వస్తున్నాయంటే మీ ఇంట్లో ఎక్కడో ఒక కత్తెరో చెయ్యో తిరుగుతోందన్నమాట, మొక్కలు తీసేయడం ఆపి ముందు దాన్ని పట్టుకోండి. మా ఇంట్లో అది పూజకి పూలు కోసే చిన్న కత్తెర, తులసి కోట మీద ఉండేది, దాని సంగతి ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు దాన్ని దేవుడి గదిలో పెట్టాం, ఆర్కిడ్ పూలు కోయాలంటే నన్ను పిలవాలి.